పాలలో కణాల లెక్క: పైకి కనిపించని పొదుగువాపును పట్టుకునే దారి

ఆవు మేత మేస్తుంది, నెమరు వేస్తుంది, జ్వరం ఉండదు. పొదుగు పట్టి చూస్తే మెత్తగానే ఉంటుంది. పాలలో గడ్డలు, విరుగుడు కనిపించవు. అయినా పూటకు అర లీటరు తగ్గుతుంది, పాలకేంద్రం చీటీలో ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న, నీళ్లు పోగా పాలలో మిగిలే ఘనపదార్థం) కాస్త దిగుతుంది. దాణా మార్చినా, మినరల్ మిక్స్చర్ పెట్టినా తేడా రాదు. గోదావరి డెల్టాలో సంకర జాతి జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులు ఉన్న ఇళ్లలో ఈ మాట కొత్తది కాదు. చాలా సందర్భాల్లో దీని వెనుక లోలోపల నడిచే పొదుగువాపు ఉంటుంది. దాన్ని బయటపెట్టడానికి పాడి దేశాలన్నీ వాడే సూచిక పాలలోని కణాల లెక్క, అంటే సొమాటిక్ సెల్ కౌంట్.

ఈ లెక్క చుట్టూ తిరిగే అంకెలు మాత్రం రైతును తికమక పెడుతున్నాయి. మిల్లీలీటరు పాలలో 2 లక్షలు దాటితే జబ్బు అని ఒకరంటారు, 4 లక్షల వరకు ఫర్వాలేదని ఇంకొకరంటారు, మరోచోట 7.5 లక్షలు అని ఉంటుంది. వీటినే 'పాలలో చీము' అని చెప్పే మాటలు పాలు కొనేవాళ్లకు లేనిపోని టెన్షన్ తెస్తున్నాయి.

క్లుప్తంగా

పాలలోని కణాల్లో ఎక్కువ భాగం ఆవు ఒంట్లోని తెల్ల రక్తకణాలు. సూక్ష్మజీవి పొదుగులో చేరితే వాటి సంఖ్య పెరుగుతుంది. ఒక ఆవు పాలలో మిల్లీలీటరుకు 2 లక్షలు దాటితే కనీసం ఒక చన్నులో ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానించాలి. 4 లక్షలు, 7.5 లక్షలు అనేవి ట్యాంకులో కలిసిన పాలను కొనవచ్చా లేదా అని తేల్చే చట్టపరమైన హద్దులు. ఆవు ఆరోగ్యాన్ని వాటితో కొలవకూడదు. ఒకటి రెండు పశువులున్న ఇంట్లో లేబొరేటరీ అంకె కన్నా, ప్రతి చన్నునూ విడిగా చూసే చవక పరీక్షను నెలనెలా చేయడం ఎక్కువ ఉపయోగం. ఈ లెక్క పొదుగులో పోరాటం జరుగుతోందని చెబుతుంది కానీ, ఏ క్రిమితో జరుగుతోందో, ఏ మందు వేయాలో చెప్పదు.

ఈ కణాలు ఎక్కడి నుంచి వస్తాయి

పూర్తి ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలలోనూ కణాలు ఉంటాయి. తల్లిపాలలోనూ ఉంటాయి. పాలు తయారుచేసే పొర నుంచి రాలిన కణాలు కొన్ని, పొదుగులో కాపలా తిరిగే తెల్ల కణాలు మరికొన్ని. ఆరోగ్యంగా ఉన్న ఆవులో ఇవన్నీ కలిపి సాధారణంగా మిల్లీలీటరుకు లక్ష లోపే.

చన్ను రంధ్రం గుండా బ్యాక్టీరియా లోపలికి చేరగానే ఈ పరిస్థితి మారుతుంది. ముందుగా అక్కడున్న కాపలా కణాలు క్రిమిని గుర్తుపట్టి రసాయన సంకేతాలు విడుస్తాయి. ఆ సంకేతం అందుకుని రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు రక్తనాళాల గోడలు దాటుకుని పొదుగులోకి వస్తాయి. గంటల వ్యవధిలోనే వాటి సంఖ్య లక్షల్లోకి, ఒక్కోసారి కోట్లలోకి చేరుతుంది. బాగా వాచిన పొదుగు పాలలో పదింట తొమ్మిది కణాలు ఇవే. అవి బ్యాక్టీరియాను మింగి చంపుతాయి, ఆ పనిలో చాలావరకు తామూ చస్తాయి.

ఈ పోరాటానికి పొదుగే మూల్యం చెల్లిస్తుంది. న్యూట్రోఫిల్స్ విడిచే పదార్థాలు పాలు తయారుచేసే కణాలనూ గాయపరుస్తాయి. గాయపడిన పొరల సందుల్లోంచి రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి కారతాయి. లాక్టోజ్, పొటాషియం వెనక్కి జారతాయి. జబ్బు చన్ను పాలు నాలుకకు ఉప్పగా తగలడానికి కారణం ఇదే. ఇన్‌ఫెక్షన్ నెలల తరబడి సాగితే చెడిన చోట మచ్చ కండ ఏర్పడుతుంది. ఆ భాగం ఇక పాలివ్వదు. డెల్టా సంతల్లో మూడు చన్నుల ఆవుకు ధర పడిపోయేది ఇలా పోయిన నాలుగో చన్ను వల్లే.

మూడు అంకెలు, మూడు ప్రశ్నలు

2 లక్షలు, 4 లక్షలు, 7.5 లక్షలు ఒకదానితో ఒకటి పోటీపడే అంకెలు కావు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

మొదటిది రోగ నిర్ధారణకు సంబంధించినది. ఒక ఆవు నాలుగు చన్నుల పాలు కలిపి తీసిన నమూనాలో 2 లక్షలు దాటితే ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం ఎక్కువ, దాటకపోతే తక్కువ. దాటిన ప్రతి ఆవూ జబ్బుది కాదు, దాటనిదల్లా ఆరోగ్యమైనదీ కాదు. గీతను ఇంకా కిందికి దించితే మంచి ఆవులను అనవసరంగా అనుమానిస్తాం, పైకి జరిపితే జబ్బు ఆవులు తప్పించుకుంటాయి. ఈ రెండు పొరపాట్ల మధ్య కుదిరిన రాజీ 2 లక్షలు.

రెండోది, మూడోది వ్యాపారానికి సంబంధించినవి. యూరోపియన్ యూనియన్‌లో ఆవు పాలు సరఫరా చేసే ఫారం పాలలో మూడు నెలల సగటు 4 లక్షలు దాటకూడదు. నెలకు కనీసం ఒక నమూనా తీస్తారు, సగటు కూడా మామూలు సగటు కాకుండా గుణోత్తర సగటు, అంటే ఒక్క పెద్ద అంకె మొత్తాన్ని అంతగా పైకి లాగని లెక్క. అమెరికాలో ఫారం ట్యాంకు పాలకు సమాఖ్య హద్దు 7.5 లక్షలు. ఇవి మంద మొత్తం పాలు కలిసిన ట్యాంకుకు వర్తించేవి. వంద ఆవుల పాలు కలిసిన ట్యాంకులో 4 లక్షలు ఉన్నాయంటే ఆ మందలో పొదుగువాపు బాగానే పాకి ఉంటుంది. కాబట్టి 'విదేశాల్లోనే 4 లక్షల వరకు ఒప్పుకుంటారు, మన ఆవుకు 3 లక్షలే కదా' అనే వాదన నిలవదు. ఒక్క ఆవులో 3 లక్షలంటే చూసుకోవాల్సిన విషయమే.

కణాల సంఖ్యను మామూలు అంకెలా కాకుండా రెట్టింపుల్లో చదవడం నిపుణుల పద్ధతి. లక్షకు 3, 2 లక్షలకు 4, 4 లక్షలకు 5, 8 లక్షలకు 6 అని స్కోరు వేస్తారు. దీనికి కారణం పాల నష్టం కూడా రెట్టింపులను బట్టే నడవడం. అమెరికాలో హోల్‌స్టీన్ మందల మీద వేసిన లెక్కల ప్రకారం స్కోరు ఒక మెట్టు పెరిగిన ప్రతిసారీ మొదటి ఈత ఆవు రోజుకు మూడో వంతు కిలో పాలు కోల్పోతుంది, తర్వాతి ఈతల్లో దానికి రెండింతలు. పది లీటర్లిచ్చే మన సంకర ఆవులో నష్టం అంత ఉండకపోవచ్చు. నడక మాత్రం అదే: 20 లక్షల నుంచి 21 లక్షలకు పెరగడం లెక్కలోది కాదు, లక్ష నుంచి 2 లక్షలకు పెరగడం గట్టిగా పట్టించుకోవాల్సినది.

కలిస్తే దాక్కుంటుంది

ఆవు పొదుగులో నాలుగు గదులు ఉంటాయి. ఒక గది పాలు ఇంకో గదిలోకి వెళ్లవు. జబ్బు కూడా చాలాసార్లు ఒకే గదిలో మొదలవుతుంది. బకెట్లో నాలుగూ కలిసేసరికి ఆ గది సంగతి పలచబడిపోతుంది.

మూడు చన్నుల్లో 50 వేల చొప్పున, నాలుగో చన్నులో 5 లక్షలు ఉన్నాయనుకుందాం. నాలుగూ సమానంగా పాలిస్తే కలిపిన పాలలో లెక్క 1.62 లక్షలు. 2 లక్షల గీతకు లోపలే. రైతుకు వచ్చే జవాబు 'బాగుంది' అని. ఒక చన్నులో మాత్రం ఇన్‌ఫెక్షన్ నడుస్తూనే ఉంటుంది. పైగా జబ్బు చన్ను మిగతావాటికన్నా తక్కువ పాలిస్తుంది కాబట్టి దాని వాటా ఇంకా తగ్గి, లెక్క మరింత అందంగా కనిపిస్తుంది.

ఇదే ఊరి పాలక్యానుకు వర్తింపజేస్తే పరిస్థితి ఇంకా మసకబారుతుంది. పది ఆవుల పాలు కలిసిన క్యానులో తొమ్మిదింటికి 80 వేల చొప్పున, ఒకదానికి 20 లక్షలు ఉంటే సగటు 2.72 లక్షలు. ఏదో ఒక ఇంట్లో జబ్బు ఉందని తెలుస్తుంది, ఎవరింట్లోనో తెలియదు. డెల్టాలో ఆవు పాలు, గేదె పాలు ఒకే ఇంటి నుంచి వచ్చే చోట్లు ఎక్కువ. రెండూ కలిశాక ఆ అంకెతో ఎవరికీ ప్రయోజనం లేదు.

విదేశీ మందల్లో ప్రతి ఆవు పాలనూ నెలకోసారి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడి యంత్రం కణాల్లోని డీఎన్‌ఏకు అంటుకునే మెరిసే రంగు కలిపి, పాలను సన్నటి ధారగా లేజర్ ముందు నుంచి పంపిస్తూ మెరుపులను లెక్కిస్తుంది. గంటకు వందల నమూనాలు. ఒకటి, రెండు, అయిదు పశువుల ఇళ్లు కలిసి నడిపే డెల్టా పాడిలో ఈ ఏర్పాటు ఇంటింటికీ రావడం కష్టం. రావాల్సిన అవసరమూ అంతగా లేదు. ఎందుకంటే ఇక్కడ తెలియాల్సింది 'ఏ చన్ను' అన్నది, దాన్ని పాక దగ్గరే తేల్చవచ్చు.

నాలుగు గిన్నెల పళ్లెం

ఆ పని చేసేది కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, అందరూ పిలిచే పేరు సీఎంటీ. 1957లో షాల్మ్, నూర్లాండర్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. ఇప్పటికీ పశువైద్యుల సంచిలో ఉండే పరీక్ష ఇదే. పిడి ఉన్న ప్లాస్టిక్ పళ్లెంలో నాలుగు గుండ్రటి గిన్నెలు ఉంటాయి. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు పారబోసి, తర్వాతి పాలు ఒక్కో గిన్నెలో రెండు మిల్లీలీటర్ల దాకా పితుకుతారు. అంతే కొలత ద్రావణం పోసి, పళ్లాన్ని గుండ్రంగా పది సెకన్లు తిప్పుతారు. మంచి పాలైతే నీళ్లలా కదులుతాయి. కణాలు ఎక్కువైన పాలు చిక్కబడి, జిగురుగా మారి, గిన్నె మధ్యకు ముద్దగా చేరతాయి.

దీని వెనుక ఉన్న రసాయనం చాలా సూటిగా ఉంటుంది. ద్రావణంలో ఉండేది ఒక డిటర్జెంట్. కణం చుట్టూ, దాని కేంద్రకం చుట్టూ ఉండే పొరలు కొవ్వుతో అల్లినవి కాబట్టి డిటర్జెంట్ వాటిని కరిగిస్తుంది. లోపల చుట్టుకుని ఉన్న పొడవాటి డీఎన్‌ఏ దారాలు బయటపడి, ఒకదానితో ఒకటి చిక్కుకుని జిగురవుతాయి. ఎన్ని కణాలుంటే అంత డీఎన్‌ఏ, అంత జిగురు. బ్యాక్టీరియా కోసం ఈ పరీక్ష వెతకదు. తెల్ల కణాల పోగునే చూపిస్తుంది. ద్రావణంలోని ఊదారంగు సూచిక మరో వివరం ఇస్తుంది: పాలు క్షారం వైపు జరిగితే ఊదా ముదురుతుంది.

చిక్కదనాన్ని బట్టి అయిదు మెట్లుగా చదువుతారు. ఏ మార్పూ లేకపోతే సుమారు 2 లక్షల లోపు. తిప్పుతుంటే లీలగా జిగురు కనిపించి, కాసేపటికి మాయమైతే 2 నుంచి 4 లక్షలు. స్పష్టంగా చిక్కబడి ముద్ద కట్టకపోతే 4 నుంచి 12 లక్షలు. వెంటనే చిక్కబడి మధ్యకు చేరుతుంటే 12 నుంచి 50 లక్షలు. గిన్నె వంచినా జారనంత ముద్ద కడితే 50 లక్షల పైన. ఇవి అంచనాలే. చదివే మనిషిని బట్టి ఒక మెట్టు అటూ ఇటూ అవుతుంది. అయితే ఒకే ఆవు నాలుగు చన్నులు పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి మూడు నీళ్లలా ఉండి ఒకటి జిగురైతే పొరపాటుకు తావు తక్కువ. ఈ పోలిక సౌలభ్యాన్ని ఏ ఖరీదైన యంత్రమూ ఇంత చవకగా ఇవ్వదు.

ద్రావణం దొరకని చోట బట్టలుతికే పొడితో చేసే పద్ధతి ఒకటుంది. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ పశువైద్య పరిశోధకులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వంద మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల పొడి కలిపిన ద్రావణాన్ని పాలకు సమానంగా పోసి తిప్పితే సీఎంటీ లాంటి జిగురే వస్తుంది. సూత్రం అదే, కచ్చితత్వం కొంత తక్కువ. పరీక్షించిన పాలను పారబోయాలి, ఆ గిన్నెలను పాల పాత్రలతో కలపకూడదు.

మిగతా పరీక్షల సంగతి కొంతే. నల్లటి గుడ్డ మీదో, నల్ల పళ్లెం మీదో తొలి ధారలు పితికి గడ్డలు చూడటం రోజూ చేయదగ్గ పని. అది బయటపడిన జబ్బునే చూపిస్తుంది. రంగు మారే పీహెచ్ కాగితం చవకైనది, కానీ తొలిదశ జబ్బును చాలాసార్లు వదిలేస్తుంది. సోడియం, క్లోరైడ్ పెరిగితే పాలలో విద్యుత్ ప్రసారం పెరుగుతుంది. పాలు పితికే యంత్రాలున్న పెద్ద ఫారాల్లో దీన్ని పూటపూటకూ కొలుస్తారు.

లెక్క దారి తప్పించే రోజులు

పరీక్షను ఏ రోజు, ఏ పూట చేశారన్నది ఫలితాన్ని మారుస్తుంది. ఈనిన కొత్తలో, జున్నుపాల రోజుల్లో కణాలు సహజంగానే ఎక్కువ. మొదటి వారం దాటకుండా చేసిన పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. పాలు ఆగిపోయే దశలో రోజుకు లీటరు రెండు లీటర్లకు పడిపోయిన ఆవులోనూ కణాలు ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే అవే కణాలు తక్కువ పాలలో ఉంటాయి. తెల్లవారుజామున పితికి మళ్లీ మధ్యాహ్నం మూడింటికే పితికే ఇళ్లలో సాయంత్రం పాల లెక్క ఉదయం కన్నా పైకి ఉంటుంది. పోల్చేటప్పుడు ఎప్పుడూ ఒకే పూట పాలను పోల్చాలి. పితుకుడు చివర వచ్చే చిక్కటి పాలలోనూ కణాలు ఎక్కువే.

వయసు గురించి ఒక అపోహ ఉంది. ముసలి ఆవుకు కణాలు ఎక్కువగానే ఉంటాయని సర్దుకుపోతారు. ఇన్‌ఫెక్షన్ సోకని ఆవులో వయసుతో వచ్చే పెరుగుదల స్వల్పం. నాలుగో ఈత, అయిదో ఈత ఆవులో లెక్క ఎక్కువగా ఉందంటే గత ఈతల్లో సోకిన క్రిమి ఇంకా లోపలే ఉందని అనుమానించాలి.

క్రిమి స్వభావం కూడా లెక్కను ఆడిస్తుంది. పేడలో ఉండే ఇ. కోలి దాడి చేస్తే కణాలు గంటల్లో చుక్కలనంటి, ఆవు తట్టుకుంటే కొన్ని రోజుల్లో దిగుతాయి. నెలకోసారి చేసే పరీక్షకు అది అసలు చిక్కకపోవచ్చు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అందుకు పూర్తిగా వేరు. అది పొదుగు కండలో చిన్న చిన్న గడ్డలు కట్టుకుని దాక్కుంటుంది, అప్పుడప్పుడే పాలలోకి వస్తుంది. కణాలు ఒక నెల 8 లక్షలు, మరో నెల 2 లక్షలు, మళ్లీ 6 లక్షలు అన్నట్టు ఊగుతుంటాయి. తగ్గిన నెలలో పరీక్ష చేసి తేరుకుందనుకుంటే పొరపాటు. ఒక్కసారి చేసిన పరీక్ష కన్నా వరసగా మూడు నాలుగు నెలలు రాసుకున్న ఫలితాలకు విలువ ఎక్కువన్నది ఇందుకే.

గేదెకు ఇదే కొలతా?

డెల్టా పాడిలో గేదెలదే పెద్ద వాటా. ముర్రా గేదె చన్ను రంధ్రం చుట్టూ కండ బిగుతుగా ఉంటుంది. పాలు పితకడం కష్టంగా అనిపించేది ఆ బిగువు వల్లే, క్రిములు లోపలికి పోవడం కష్టమయ్యేదీ దానివల్లే. సంకర ఆవుల కన్నా గేదెల్లో పొదుగువాపు తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. తక్కువంటే లేదని కాదు.

గేదెల్లోనూ పలువురు పరిశోధకులు 2 లక్షల గీతనే వాడారు. సీఎంటీ కూడా పనిచేస్తుంది. ఒక తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. ఆవు పాలలో అయిదో వంతు దాకా చన్నుకు దగ్గరి ఖాళీలో ముందే నిలిచి ఉంటుంది, గేదెలో అది ఇరవయ్యో వంతు మాత్రమే. మిగతాదంతా పైన సన్న గదుల్లోనే ఉండి, చేపుకు వచ్చాకే కిందికి దిగుతుంది. కాబట్టి దూడను వదిలి, గేదె చేపాక, చన్నులు కడిగి తుడిచి అప్పుడు నమూనా తీయాలి.

డెల్టాలో జబ్బు నడిచే దారులు

పొదుగువాపు క్రిములు రెండు దారుల్లో వస్తాయి. కొన్ని ఒక పశువు పొదుగు నుంచి మరో పశువు పొదుగుకు పితికే చేతుల ద్వారా పాకుతాయి: స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే. మరికొన్ని పేడ, బురద, తడి గడ్డి నుంచి వస్తాయి: ఇ. కోలి, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ ఉబెరిస్. గోదావరి డెల్టా నేల, పాడి పద్ధతి ఈ రెండు దారులకూ వీలుగా ఉన్నాయి.

కాలువల కింద పల్లపు భూములు, కొబ్బరితోటల నీడ, ఆరని నేల. జూన్ చివరి నుంచి ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా పాకలో తడి పోదు. పడుకున్న పశువు చన్నులు గంటల తరబడి ఆ తడినే అంటుకుని ఉంటాయి. లంక గ్రామాల్లో వరద వస్తే సమస్య మరో మెట్టు ఎక్కుతుంది. 2022 జూలైలో లాగా ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిన వరదల్లో పశువులను ఏటిగట్ల మీదికి తోలుతారు. ఎన్నో ఇళ్ల పశువులు ఒకేచోట బురదలో నిలబడతాయి, మేత వేళలు, పితికే వేళలు తప్పుతాయి. పొదుగులో పాలు నిలిచిపోయి ఒత్తిడి పెరిగితే చన్ను రంధ్రం కారుతుంది, క్రిమికి తలుపు తెరిచినట్టే. వరద తగ్గిన రెండు మూడు వారాలకు ఊరంతా సీఎంటీ చేయించడం వల్ల ఎంతో నష్టం ఆపవచ్చు. సాధారణంగా ఆ సమయంలో శ్రద్ధ అంతా టీకాల మీద, గడ్డి సరఫరా మీద ఉంటుంది.

రెండో దారి చేతులు. పితికే మనిషి ఒకరే నాలుగైదు ఇళ్లు తిరిగే ఊళ్లలో ఆ చేతులే క్రిమికి వాహనం. ఇళ్ల మధ్య సబ్బుతో కడుక్కోకపోతే పొద్దుటి మొదటి ఇంటి జబ్బు చివరి ఇంటిదాకా చేరుతుంది. బొటనవేలు మడిచి చన్నును నొక్కి లాగే అలవాటు లోపలి పొరను నలుపుతుంది. పాలతోనో ఉమ్మితోనో వేళ్లు తడుపుకోవడం మరింత చేటు. నిండు పిడికిలితో పితకడం, పరీక్షలో జిగురు కనిపించిన పశువును చివర్లో పితకడం, పితికాక ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచడం ఈ దారిని చాలావరకు మూసేస్తాయి. చన్ను రంధ్రం పితికిన తర్వాత అరగంట నుంచి గంట దాకా పూర్తిగా మూసుకోదు. ఆ సమయంలో ముందు మేత వేసి పశువును నిలబెట్టి ఉంచితే బురద దారి కూడా కొంత మూసుకుంటుంది.

అంకె తెలిశాక మందు ఎప్పుడు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. సీఎంటీలో జిగురు కనిపించగానే మందుల షాపు నుంచి యాంటిబయాటిక్ ట్యూబు తెచ్చి ఎక్కించడం చాలాచోట్ల ఉన్న అలవాటు. కణాల లెక్క ఒక్కటే మందుకు ఆధారం కాకూడదు. కొన్ని ఇన్‌ఫెక్షన్లను పొదుగు తనంతట తానే తుడిచేస్తుంది. క్రిమి చచ్చాక కూడా కణాలు మామూలు స్థాయికి దిగడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యలో మళ్లీ పరీక్షించి, తగ్గలేదని ఇంకో కోర్సు వేస్తే డబ్బు వృథా. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే పెన్సిలిన్ జాతి మందులకు బాగా లొంగుతుంది. గడ్డలు కట్టుకుని దాక్కున్న పాత స్టెఫైలోకాకస్ ఆరియస్ పాలిచ్చే దశలో మందుకు సరిగా లొంగదు. కాబట్టి జిగురు వచ్చిన చన్ను పాలను శుభ్రమైన సీసాలో పశువైద్యశాలకు ఇచ్చి, క్రిమి ఏదో, ఏ మందు పనిచేస్తుందో కల్చర్ పరీక్షతో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) తేల్చుకోవడం సరైన వరస. జ్వరం, గట్టిపడ్డ పొదుగు, నీళ్లలాంటి పాలు ఉంటే మాత్రం ఆగకూడదు. వెంటనే డాక్టర్‌ను పిలవాలి, సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది.

మందు వేసిన పశువు పాలను ట్యూబు మీద రాసిన గడువు తీరేదాకా కేంద్రానికి పోయకూడదు. ఆ పాలలో మందు ఉంటే పెరుగు సరిగా తోడుకోదు. అంతకన్నా ముఖ్యం, మందుకు లొంగని క్రిములు పెరగడానికి అదొక మార్గం.

లోలోపల నడిచే జబ్బుకు చికిత్స చేయడానికి అనువైన సమయం పాలు ఆపే రోజు, అంటే ఈనడానికి దాదాపు రెండు నెలల ముందు. అప్పుడు ఎక్కించే మందు పొదుగులో వారాల పాటు నిలుస్తుంది, పారబోయాల్సిన పాలు ఉండవు. ఒకప్పుడు అన్ని ఆవులకూ అన్ని చన్నులకూ ఎక్కించేవారు. 2022 జనవరి 28 నుంచి యూరోపియన్ యూనియన్ ముందుజాగ్రత్త పేరుతో రొటీన్‌గా యాంటిబయాటిక్ వాడటాన్ని ఆపింది. ఇప్పుడక్కడ చివరి నెలల కణాల లెక్క చూసి, ఎక్కువున్న ఆవులకే మందు, తక్కువున్నవాటికి చన్ను మూసే సీలెంట్ మాత్రమే వేస్తున్నారు. పాలు ఆపే ముందు ఒక సీఎంటీ చేస్తే డెల్టా రైతుకూ ఇదే దారి దొరుకుతుంది.

తాగేవాళ్లకు ప్రమాదమా?

తెల్ల కణాలు తమంతట తాము హానికరం కావు. ప్రతి పాలలోనూ ఉంటాయి కాబట్టి 'చీము' అనే మాట మామూలు పాలకు అన్యాయం. కాచితే లేదా పాశ్చరైజ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది. అసలు జాగ్రత్త వేరేచోట అవసరం: జబ్బు పాలను ఎండాకాలం గంటల తరబడి చల్లార్చకుండా ఉంచితే స్టెఫైలోకాకస్ ఆరియస్ విషపదార్థం విడుస్తుంది, అది కాచినా పోదు. కణాలు ఎక్కువైన పాలలో ప్లాస్మిన్ అనే ఎంజైమ్ పెరిగి కేసీన్ ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. పాశ్చరైజేషన్‌కూ అది లొంగదు. ఫలితంగా పెరుగు పలచన, పనీర్ దిగుబడి తక్కువ, ప్యాకెట్ పాలు త్వరగా పాడవడం.

పాలచీటీ చెప్పనిది

ఇక్కడి కేంద్రాల్లో పాల ధర సాధారణంగా వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ మీద కడతారు. పొదుగువాపులో లాక్టోజ్, కేసీన్ తగ్గుతాయి కాబట్టి ఎస్‌ఎన్‌ఎఫ్ దిగుతుంది. వెన్న శాతం మాత్రం పెద్దగా కదలదు, పాలు తగ్గినప్పుడు ఒక్కోసారి పెరుగుతుంది కూడా. వెన్న బాగానే ఉండి ఎస్‌ఎన్‌ఎఫ్ పడితే యంత్రంలో మోసం ఉందని రైతు, పాలలో నీళ్లు కలిపారని కేంద్రం ఒకరినొకరు అనుమానించుకుంటారు. పొదుగును ఎవరూ అనుమానించరు. నీళ్లు కలిస్తే వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ కలిసి పడతాయి. ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక్కటే పడితే మేతతో పాటు పొదుగునూ చూడాలి. చేతిలో ఉన్న చీటీనే తొలి హెచ్చరికగా చదువుకోవచ్చు.

కణాల లెక్కకు ధర ముడిపెట్టిన దేశాల్లో రైతులు పొదుగు శుభ్రత మీద ఖర్చు పెట్టారు, ఎందుకంటే ఆ ఖర్చు పాలబిల్లులో తిరిగొచ్చింది. ఇక్కడ అదే పద్ధతిని నేరుగా తెస్తే చిన్న రైతుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది: క్యానులో కలిసిన పాలకు కోత పెడితే జబ్బు లేని తొమ్మిది ఇళ్లూ పదో ఇంటికోసం నష్టపోతాయి. కోతకన్నా ముందు రావాల్సింది పరీక్ష. ఎస్‌ఎన్‌ఎఫ్ వరసగా పడుతున్న ఇళ్ల జాబితా ప్రతి కేంద్రం దగ్గరా ఇప్పటికే ఉంటుంది. నెలకోసారి ఆ ఇళ్లకు పళ్లెం, ద్రావణం తీసుకుని ఒక మనిషి వెళ్తే చాలు, ఒక్కో పశువుకు పట్టేది అయిదు నిమిషాలు. జిగురు వచ్చిన చన్ను, తేదీ, మెట్టు మూడూ రైతు పాలపుస్తకంలోనే రాస్తే, పశువైద్యుడు వచ్చినప్పుడు ముందుగా చూడాల్సిన కాగితం అదే అవుతుంది.